ముక్కుకు నిమ్మకాయ కట్టిన విమానం

మేడ్చల్ దాటి శామీర్‌పేట వైపు తిరిగే దారిలో ఒక ప్రైవేటు బడి ఉండేది. తొంభైల చివరి సంవత్సరాల్లో నేను అందులో ఫిజిక్స్ చెప్పాను. బడి అంటే పెద్దగా ఊహించుకోకండి. కందిచేను పక్కన ఒక మేడ, ముందు మొరం పోసిన మైదానం, మైదానం ఆ చివర సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు. అంతే.

హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానాలు పొద్దంతా మా నెత్తి మీద చక్కర్లు కొట్టేవి. నేను "ప్రతి చర్యకూ సమానమైన..." అని మొదలుపెట్టగానే ఒకటి వచ్చేది. ఆ మోత తగ్గేదాకా సుద్దముక్క పట్టుకుని బొమ్మలా నిలబడాలి. ఈ మండలంలో నా నోరు మూయించగలిగినవి అవొక్కటేనని మా లెక్కల మేడం అంటుండేది. ఆవిడది కృష్ణా జిల్లా. భర్త జీడిమెట్లలో మందుల కంపెనీ ఉద్యోగి, కొత్తగా కట్టిన కాలనీలో కాపురం. నాది మేడ్చల్. మా ఇద్దరికీ పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర్నుంచి ఏ విషయంలోనూ పొసగేది కాదు. అందుకే మధ్యాహ్నం పూట డబ్బాలు విప్పుకుని పక్కపక్కనే కూర్చునేవాళ్లం.

బడి యజమానిని కరస్పాండెంట్ సార్ అనేవాళ్లం. ఊళ్లోవాళ్లు పటేల్ అనేవారు. తాతలనాటి భూమి, తెల్లచొక్కా, వచ్చే ఎన్నికల్లో నిలబడాలన్న ఆశ, వీటికి తోడు ఆ మధ్యనే ప్లాట్ల వ్యాపారం. రోడ్డు పక్క చేలన్నీ ఒక్కొక్కటిగా వెంచర్లు అవుతున్న కాలం అది. నిన్న కంది కోసిన చోట ఇవాళ తెల్లటి హద్దురాళ్లు మొలిచేవి.

ఒకరోజు మేం తింటుండగా ఆయన స్టాఫ్ రూములోకి వచ్చాడు.

"టీచరమ్మా, గా ల్యాబు గది ఖాళీ జెయ్యాలె."

"ఎందుకు సార్?"

"వెంచర్ ఆఫీసు వెడుతున్న. గది రోడ్డు మొకాన ఉన్నది. ప్లాట్లు జూడ వచ్చినోళ్లు కూసునేతందుకు తావు లేక పరేషాన్ అయితున్నరు."

ఆ ల్యాబులో ఉన్నవి రెండు బల్లలు, ఒక గాజు పట్టకం, కొన్ని పరీక్షనాళికలు, గోడకొక అస్థిపంజరం పటం, మూలకొక సింకు. కానీ మా ఆడపిల్లలు పుస్తకంలో బొమ్మగా ఉన్నదాన్ని చేత్తో ముట్టుకునే చోటు మొత్తం బడిలో అదొక్కటే. నెలకొకసారి పట్టకాన్ని ఎండలో పెట్టి గోడ మీద రంగులు పరిస్తే, అందాకా ఆవులిస్తున్న పిల్ల కూడా లేచి నిలబడేది. ఆ గది పోతే నేను మళ్లీ సుద్దముక్కతో ఇంద్రధనుస్సు గీయాలి. మా బడిలో దొరికేది తెల్ల సుద్ద ఒక్కటే.

"పిల్లలు ప్రయోగాలెక్కడ చెయ్యాలె సార్?"

"పదో తరగతి పరీక్షల ప్రాక్టికల్స్ ఉన్నయా? లేవు. మరి గాజు సీసలకు గది దేనికి?"

మాట నిజమే. నిజమైన మాట మీద నిలబడి తప్పుడు పని చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

"మీ ప్లాట్లల్ల ఇండ్లున్నయా సార్? లేవు. మరి ఆఫీసు దేనికి?"

లెక్కల మేడం ముద్ద గొంతుకడ్డం పడి దగ్గింది. సారుకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ క్షణానే పైన ఒక విమానం గర్జించుకుంటూ పోయింది. ఆయన వేలు పైకెత్తాడు.

"గంత తెలివున్నదానివి గదా, గసొంటిదొకటి జేసి సూపియ్యి. వార్షికోత్సవం నాడు, ముఖ్య అతిథి ముంగట, మిద్దె మీదికెల్లి ఇడువు. గా కబడ్డీ కోర్టు నడిమి గీత దాటితే గది నీది. దాటకుంటే నాది."

"ఇంజను లేకుండనా?"

"ఇంజను వెట్టుకుంటవో, దూది వెట్టుకుంటవో నీ ఇష్టం."

"షరతు అందరి ముంగట అన్నరు, యాదుంచుకోండ్రి," అన్నాను. ఆయన వెళ్లాక లెక్కల మేడం మెల్లగా అడిగింది. "ఏవండీ, మీకు విమానం చెయ్యడం వచ్చా?"

"రాదు."

"అదే అనుకున్నాను."

రాదు కానీ, ఎట్లా ఎగురుతుందో తెలుసు. నాకు తెలిసింది మొత్తం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఒక స్టీలు కటోరాతో, గోలీతో చెప్పేశాను. కటోరాలో గోలీ వేసి కదిపితే అటూ ఇటూ ఊగి మళ్లీ అడుక్కే చేరుతుంది. కటోరాని బోర్లించి దాని మీద గోలీ పెడితే? ఒక్క వేలితో తడితే చాలు, ఇక తిరిగి రాదు. మంచి విమానం కటోరాలో గోలీ లాంటిది. గాలి ఎంత తోసినా తనంతట తానే మళ్లీ దారికొస్తుంది. స్థిరత్వం అంటే ఇంతే. పైన ఎగిరే ఆ శిక్షణ విమానాల్లో ఉన్నవాళ్లూ నేర్చుకునేవాళ్లే. చేతులు వదిలినా దారి తప్పనిది కాబట్టే ఆ పిల్లల చేతికి ఇస్తారు.

"మరి దానంతట అదే పోతే నడిపేటోళ్లు దేనికి టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. తనంతట తాను పోవడం వేరు, మనం చెప్పిన చోటికి పోవడం వేరు. రెండోదాన్ని అదుపు అంటారు. అసలు చిక్కేమిటంటే ఈ రెంటికీ పడదు. విమానం మరీ నిలకడైనదైతే తన దారి వదలదు, చెప్పిన మాట వినదు. మరీ మాట వినేదైతే ప్రతి చిన్న గాలి మాటా వింటుంది. ఇట్లాంటి మనుషులను మీరంతా చూసే ఉంటారు. మా ఇంట్లోనే ఇద్దరున్నారు, ఎవరు ఎటన్నది ఇక్కడ అనవసరం.

సారు ఇంట్లో ఆ నెలలోనే కొత్త టీవీ కొన్నారు. దాని డబ్బాలో వచ్చిన థర్మాకోల్ పలకలు మా విమానానికి రెక్కలయ్యాయి. ఆయన టీవీతోనే ఆయన్ని ఓడించాలన్న ఊహ నాకు మరింత హుషారునిచ్చింది. నడుముకు సన్నటి వెదురు బద్ద. రెక్కలు రెండూ తిన్నగా కాకుండా చివర్లు కాస్త పైకి లేచేలా అతికించాం. దోసిలి విప్పినట్టన్నమాట. విమానం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకే జారుతుంది కదా, అప్పుడు కింద ఉన్న రెక్కకు గాలి ఎక్కువ తగిలి దాన్ని పైకెత్తుతుంది. ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటుంది.

వెనక ఒక అడ్డతోక, ఒక నిలువుతోక. కదిలే రేకులకు పాత పెళ్లికార్డులు కత్తిరించాం. అడ్డతోక రేకును పైకి వంచితే ముక్కు లేస్తుంది, కిందికి వంచితే ముక్కు వాలుతుంది. నిలువుతోక రేకును ఎటు వంచితే ముక్కు అటు తిరుగుతుంది. రెక్కల చివరి రేకుల్లో ఒకటి పైకీ ఒకటి కిందికీ వంచితే మనిషి పక్కమీద దొర్లినట్టు దొర్లుతుంది. మా విమానం ఎడమ రెక్క మీద సగం వినాయకుడు, కుడి రెక్క మీద "సకుటుంబ సపరివారంగా" అని ఉండేవి.

చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఎగరడానికి మాత్రం అధ్వాన్నం. మిద్దె మీంచి వదిలితే ముక్కు ఎత్తుకుని ఆకాశం వైపు చూసి, అక్కడే ఒక్క క్షణం ఆగి, తోక మీద కూలబడేది. మా పెళ్లిలో అలిగిన మేనత్త లాగా.

కారణం నాకు తెలుసు. తోక అందంగా ఉండాలని పిల్లలు పెద్దగా చేశారు, బరువు వెనక్కి పోయింది. గాలి రెక్కలను ఎత్తే చోటు ఒకటుంటుంది, విమానం బరువంతా నిలిచే చోటు ఒకటుంటుంది. బరువు ముందుండాలి, ఎత్తే చోటు దానికి వెనక ఉండాలి. అప్పుడు ముక్కు పొరపాటున లేచినా, పెరిగిన ఆ ఎత్తుడే దాన్ని మళ్లీ కిందికి వంచుతుంది. బరువు వెనక ఉంటే ముక్కు లేచిన కొద్దీ ఇంకా లేస్తుంది. బోర్లించిన కటోరా. మందు కూడా తెలుసు. ముక్కుకు బరువు కట్టాలి. బంకమట్టి ముద్ద చేసి ముక్కుకు మెత్తాను. అది ఆరి, నేలకు తగిలిన ప్రతిసారీ పెళ్లలు పెళ్లలుగా రాలేది. మళ్లీ మెత్తేదాన్ని, మళ్లీ రాలేది.

ఈ భాగోతమంతా గేటు పక్కన కుర్చీ వేసుకుని ఒకావిడ చూస్తుండేది. సారు తల్లి. బడంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. బడి నేల ఆమె పేరు మీదే ఉందని అందరికీ తెలుసు, ఆమెకు మరీ బాగా తెలుసు. చేతిలో వక్కల సంచి, నోట్లో తీర్పు, ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఒక మధ్యాహ్నం నేను తిని వచ్చేసరికి మైదానంలో చప్పట్లు వినిపించాయి. పరుగెత్తాను. మా విమానం ముక్కు తిన్నగా పెట్టుకుని, అరుపూ మెరుపూ లేకుండా, సభ్యతగా, మైదానం సగం దాటి దిగుతోంది. ముక్కు మీద మట్టి లేదు. ఒక నిమ్మకాయ, దాని కింద పచ్చిమిరపకాయలు, ఒక బొగ్గుముక్క, నల్లదారంతో గుచ్చి కట్టి ఉన్నాయి. అచ్చం కొత్త లారీకి దిష్టి తగలకుండా కట్టినట్టు.

పిల్లలంతా అవ్వ చుట్టూ చేరి ఎగురుతున్నారు. అవ్వ వక్క కొరుకుతోంది.

"నజర్ తాకింది బిడ్డా దానికి. వచ్చేటోడు వొయ్యేటోడు, మస్తుగున్నది మస్తుగున్నది అంటిరి. తాకదా మరి? నిమ్మకాయ గట్టిన. వోయింది."

నేను ఆ పూట ఎంత ఉడికిపోయానో చెప్పలేను. వారం రోజులుగా మట్టి పిసికింది నేను, పేరు నిమ్మకాయకు.

"నజర్ కాదవ్వా, బరువు! ఎడ్లబండి మీద బస్తాలన్నీ ఎనకకేస్తే ఏమైతది? కాడి లేస్తది. ముంగటికి జరిపితే సక్కగ నడుస్తది. గీడ నిమ్మకాయ జేసింది గంతే."

"బండికి గుడ నిమ్మకాయ గడ్తం గదనే!"

లెక్కల మేడం ముఖం పక్కకు తిప్పుకుంది, నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

నేను ఊరుకునే రకాన్ని కాదు. మర్నాడే నిమ్మకాయ దండను కిరాణా కొట్టుకు తీసుకెళ్లి, త్రాసులో వేసి, దానికి సరితూగే ఇనుప బోల్టు తెచ్చాను. దండ విప్పి బోల్టు కట్టి, అందరినీ పిలిచి వదిలాను. అంతే చక్కగా ఎగిరింది.

"సూశినవా అవ్వా?"

"ఏం జూడాలె? నజరంత నిన్ననే నిమ్మకాయ గుంజేసింది. ఇగ ఇనుము గడ్తవో, ఇడ్లీ గడ్తవో, ఎగుర్తది."

జవాబు చెబుదామని విమానాన్ని చేతిలోకి తీసుకున్నాను. చూస్తే, ఆ బోల్టు నేలకు తగిలిన దెబ్బకు థర్మాకోల్ ముక్కు నిలువునా చీలింది. గుండ్రంగా, మెత్తగా ఉండే నిమ్మకాయకు ఆ బాధ లేదు. ముక్కు అతికించి, పళ్లు నూరుతూ, నా చేత్తో నేనే నిమ్మకాయ కట్టాను. మిరపకాయలు మాత్రం తీసేస్తానన్నాను. పిల్లలు ఒప్పుకోలేదు. కనీసం వేలాడకుండా బిగించి కడతానన్నాను, గాలిలో అటూ ఇటూ ఊగే బరువు దారి తప్పిస్తుంది కదా. అవ్వ ఒప్పుకోలేదు. వేలాడితేనే నజర్ గుంజుతుందట. రెండు రోజుల తగాదా తర్వాత నిమ్మకాయ బిగించి, మిరపకాయలు వేలాడదీసేట్టు సంధి కుదిరింది.

కొన్నాళ్లు బాగా ఎగిరింది. తర్వాత మెల్లమెల్లగా ముక్కు మళ్లీ లేవసాగింది. నేను నిమ్మకాయను పట్టి చూస్తే, కిటికీ ఎండకు ఎండి గవ్వంత తేలికైంది. నీరు పోయింది, బరువు పోయింది, బరువు నిలిచే చోటు వెనక్కి జరిగింది. ఇంత అందమైన పాఠం మళ్లీ దొరకదని పిల్లలను పోగు చేసి చెప్పబోయాను. అవ్వ ముందే అందుకుంది.

"సూడుండ్రి, నజర్ తాగి తాగి ఎట్ల ఎండిందో! ఇగ మార్చాలె."

"నజర్ తాగితే బరువెక్కాలె గదవ్వా! తేలికెట్లయితది?"

"నీ నోటికి తేలికయింది."

లెక్కల మేడం మధ్యలోకి వచ్చింది. "అవ్వేమో మార్చమంటోంది, మీరూ మార్చమంటున్నారు. ఇంక గొడవ దేనికండీ?"

"కారణానికి!" అన్నాను.

"కారణానికీ!" అంది అవ్వ, అంతే గట్టిగా. ఆవిడకూ నాకూ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క మాట మీదే.

వార్షికోత్సవం రోజు వచ్చింది. షామియానా, మైకు, ఎర్ర తివాచీ, ముందువరసలో సోఫాలు. విమానాన్ని పొద్దున్నే పరీక్షించి ల్యాబులో బల్ల మీద పెట్టాం. ముఖ్య అతిథి కారు గేటు లోపలికి వస్తుండగా తీయడానికి వెళ్లాను. తలుపు తీసి చూసి, అక్కడే ఆగిపోయాను.

నిలువుతోకకు రెండు పక్కలా, అడ్డతోక మీదా, తళతళలాడే దళసరి కాగితాలు అంటించి ఉన్నాయి. సారు వెంచర్ కరపత్రాలు. "రోడ్డుకు ఆనుకునే ప్లాట్లు! క్లియర్ టైటిల్!" గోడలకు సినిమా పోస్టర్లు అంటించే మైదా బంకతో, ధారాళంగా, తడితడిగా. పెళ్లికార్డు రేకులు కూడా బంకలో మునిగాయి.

సారును పట్టుకున్నాను. ఆయన ముఖంలో నిజమైన సంతోషం తప్ప కుట్ర లేదు. అదే ఇంకా బాధ.

"తోక నిలువుగ బోర్డు లెక్క ఉన్నది గదమ్మా. అతిథి సూస్తడు, పబ్లిక్ సూస్తరు. ఉత్తగ ఎందుకు వోవాలె?"

"సార్, గిది ఎగురది! తోక బరువైంది!"

"రెండు కాయితాలకేనా?" అని ఆయన దండ అందుకుని కారు వైపు పరుగెత్తాడు.

నిజమే, అంటించినవి కాగితాలే. కానీ తోక బరువు నిలిచే చోటుకు ఎంతో దూరం. దూరంలో ఉన్న చిన్న బరువు దగ్గరున్న పెద్ద బరువంత పని చేస్తుంది. వాకిట్లో కూర్చున్న చుట్టం కంటే దూరాన ఉన్న ఆడపడుచు ఎక్కువ తూగినట్టు. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తాను. విమానం తోక కింద పడేసి కూర్చుంది. కాగితాలు పీకబోతే థర్మాకోలు కూడా పెళ్లగా ఊడొచ్చేలా ఉంది. ముక్కుకు ఇంకో బరువు కావాలి, వెంటనే కావాలి. బోల్టు కడితే దిగేటప్పుడు ముక్కు చీలుతుంది, విమానం ముక్కలైతే దాటినా దాటలేదంటారు.

అప్పుడు కనపడింది. ముందువరస సోఫాలో పట్టుచీర కట్టుకుని అవ్వ, ఒళ్లో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో నిమ్మకాయలు. పెద్దమనుషులు వస్తే చేతిలో నిమ్మకాయ పెట్టి నమస్కరించడం మా వైపు మర్యాద. అతిథి కోసం ఏరి తెచ్చినవి, ఒక్కొక్కటి బత్తాయంత ఉన్నాయి.

వెళ్లి పక్కన వంగాను. "అవ్వా, ఒక్క నిమ్మకాయ ఇయ్యి."

ఆమె నా వైపు తిరగను కూడా లేదు. "దేనికి?"

"ఇమానానికి."

"నజర్‌కా, బరువుకా?"

వెనక వరుసల్లో తల్లిదండ్రులు, పక్కన తొమ్మిదో తరగతి పిల్లలు, నా కొంగు పట్టుకుని లెక్కల మేడం. "రెండూ అనేయండి బాబూ, మీకు పుణ్యముంటుంది," అని చెవిలో గొణిగింది. మైకులో ఎవరో ప్రార్థన గీతం మొదలుపెట్టారు. ఆ గీతం అయిపోతే మా వంతు. గదిలో పట్టకం కనిపించింది నా కళ్లకు, గోడ మీద రంగులు కనిపించాయి. అబద్ధమాడితే ఒక్క నిమ్మకాయ. కానీ ఇన్ని రోజులు ఆ పిల్లలకు బరువు, బరువు అని చెప్పి, ఇప్పుడు వాళ్ల ముందే నజర్ అని ఎట్లా అనడం?

"నజర్ సంగతి నువ్వు సూస్కో అవ్వా. బరువు సంగతి నేను సూస్కుంట. ఎవల పని వాళ్లం జేద్దాం," అన్నాను.

అవ్వ అప్పుడు తిరిగి చూసింది. చూసి, వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది.

"ఓ పోరీ, నువ్వు సచ్చినా ఒప్పుకోవు గదా?"

"నువ్వు ఒప్పుకున్నవా?"

ఆమె ఫక్కున నవ్వింది. పళ్లెంలోంచి ఒకటి కాదు, రెండు తీసింది. "గిది నాది, గిది నీది. జల్దీ గట్టు."

పాత నిమ్మకాయ విప్పేసి ఆ రెండూ కట్టాను. వేళ్ల మీద ఎత్తి చూస్తే ఈసారి ముక్కు కొద్దిగా ముందుకు వాలింది. కొద్దిగా వాలాలి, మరీ వాలితే నేలలో గుచ్చుకుంటుంది. బంకకు బిగుసుకున్న అడ్డతోక రేకును గోటితో విప్పి, వెంట్రుకవాసి పైకి వంచాను. అంతకంటే పరీక్షించే వీలు లేదు. మైకులో నా పేరు పిలిచారు.

మిద్దె పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. అంతమంది తలలు పైకెత్తి చూస్తుంటే విసరాలని చెయ్యి తహతహలాడుతుంది. విసరకూడదు. బలంగా విసిరితే ముక్కు లేస్తుంది. పడవను నీళ్లలోకి తోసినట్టు, ముక్కు కాస్త కిందికి పెట్టి, మెల్లగా తోశాను.

మొదట కిందికి జారింది. పిల్లలు "అయ్యో" అన్నారు. వేగం అందుకోగానే అడ్డతోక పని మొదలై ముక్కు లేచింది. కొంచెం ఎక్కువే లేచింది. ముందున్న రెండు నిమ్మకాయలు దాన్ని వంచాయి. మళ్లీ జారింది, మళ్లీ లేచింది, ఈసారి తక్కువ, ఆ తర్వాత ఇంకా తక్కువ. ఊగి ఊగి ఉయ్యాల సద్దుమణిగినట్టు. షామియానా దాటాక కందిచేను మీది గాలి కుడి రెక్కను ఎత్తి కొట్టింది. విమానం ఎడమకు ఒరిగి, అటే జారి, మెల్లగా, బద్ధకంగా, తనంతట తానే సమంగా అయింది. ఎవరి చెయ్యీ లేదు దాని మీద. నేను మిద్దె మీద నిలబడి భుజాలు అటూ ఇటూ వంచుతున్నానని తర్వాత లెక్కల మేడం చెప్పింది. తోక మీద "క్లియర్ టైటిల్" ఎండలో మెరుస్తూ పోయింది.

కానీ ఇద్దరి నిమ్మకాయలు మోస్తోంది కదా, ఎత్తు త్వరగా కోల్పోతోంది. కబడ్డీ కోర్టులోకి దిగింది. నడిమి గీతకు ముందే నేలను తాకింది. మొరం మీద కడుపుతో జారింది, దుమ్ము లేపుకుంటూ జారి జారి ఆగింది.

నేను మెట్లు దిగి పరుగెత్తేసరికి అందరూ చుట్టూ చేరారు. నిమ్మకాయలూ ముక్కూ గీతకు అవతల ఉన్నాయి. రెక్కలూ తోకా ఇవతల ఉన్నాయి.

"దాటలే," అన్నాడు సారు. "సగం పైన ఈడనే ఉన్నది."

"సార్, మీరు జిల్లాకు కబడ్డీ ఆడినోళ్లే గదా? కూతకు వోయినోన్ని పట్టుకుంటే, వాడు పెనుగులాడి నడిమి గీతకు వేలు ఆనిస్తే ఏమంటరు? ఒళ్లంతా ఇవతలికి గుంజుకొని రావాల్నా?"

చుట్టూ ఉన్న ఊరి మగవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. వాళ్లకు బరువు నిలిచే చోటు తెలియకపోవచ్చు, గీతకు వేలు ఆనడం గురించి మాత్రం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. "ఆనింది పటేలా, పాయింటే!" అని ఒకరు, "ఔట్ గాలే!" అని ఇంకొకరు.

"అది మనిషికమ్మా. గిది థర్మాకోల్," అని సారు నసిగాడు.

అప్పుడు అవ్వ పట్టుచీర ఎత్తి పట్టుకుని గుంపులోంచి వచ్చింది. వంగి చూసింది.

"నా నిమ్మకాయ గీత దాటిందిరా."

"అమ్మా, నిమ్మకాయ గాదు, ఇమానం..."

"నా నిమ్మకాయ దాటింది. నా నేల మీద నా నిమ్మకాయ దాటితే దాటలేదంటావురా?"

నాకు నోరు దురద పెట్టింది. రెండింట్లో ఒకటి నాదని, దాటింది బరువు వల్లనని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. లెక్కల మేడం నా మోచెయ్యి గిల్లింది, గట్టిగా. ఊరుకున్నాను. నా నోరు మూయించగలిగినవి విమానాలొక్కటే కాదని ఆవిడకు ఆ రోజు తెలిసింది.

ఈలోగా ముఖ్య అతిథి తాపీగా నడిచొచ్చి, తోక మీది కాగితం చదివి, "ఎక్కడండీ ఈ ప్లాట్లు?" అని అడిగాడు. సారు ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే జేబులోంచి తాళంచెవి తీసి, నా వైపు చూడకుండా చెయ్యి చాపాడు. "తీస్కో టీచరమ్మా. ఆఫీసు గేటు కాడ రేకులేసుకుంట." తర్వాత అతిథి భుజం మీద చెయ్యి వేసి వెంచర్ వైపు నడిపించుకుపోయాడు.

మరుసటి సోమవారం పిల్లలతో కలిసి గది తలుపు తీశాను. గది తనదే అవుతుందన్న ధీమాతో ఆయన ముందే పురమాయించి, ఆపడం మరిచిపోయినట్టున్నాడు. రెండో తాళంచెవితో తీసి ఎవరో ఆదివారం దింపిపోయారు, నేలంతా హద్దురాళ్లు పేర్చి ఉన్నాయి. కొంగులూ ఓణీలూ బిగించి ఒక్కొక్కటే దొర్లించుకుంటూ బయటపడేశాం. లెక్కల మేడం గడప మీద నిలబడి, "మోకాళ్లు ఒంచి ఎత్తండి, నడుం పట్టుకుంటుంది, ఒంచి ఎత్తండి," అని సలహాలు మోసింది. రాళ్లన్నీ పోయాక నేల ఊడ్చి, బల్లలు జరిపి, పట్టకాన్ని తుడిచి కిటికీలో పెట్టాం. గోడ మీద రంగులు పడ్డాయి. పిల్లలు "ఓ" అని ఒక్క గొంతుతో అన్నారు.

చేతులు కడుక్కుందామని సింకు దగ్గర కుళాయి తిప్పాను. బుసబుసమని గాలి వచ్చింది. ఎంతసేపు చూసినా నీళ్లు రాలేదు. గేటు దగ్గర కొత్త రేకుల షెడ్డుకు మా సింకు పైపునే మళ్లిస్తున్నారు. చేతులు చీరకే తుడుచుకుని, కొంగు దోపి, సారు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ బయలుదేరాను.